'పగటి నిద్ర' క్యాసెట్టులో ముఖవీణ

సౌండు రికార్డింగు కోర్సు చదివి వచ్చిన పిల్లలు నన్ను కలిస్తే మొదట అడిగేది ఒకటే: "సార్, ఏ మైకు కొనమంటారు?" మైకు సంగతి దుకాణంవాడు నాకంటే బాగా చెబుతాడు. నేను ఇరవై రెండేళ్ళు తిరుపతిలో ఒక క్యాసెట్ల స్టూడియోలో పనిచేశాను. అందులో బొత్తాలు తిప్పిన సమయం చాలా తక్కువ. ఎక్కువ భాగం, మైకు ముందు నిలబడిన మనిషికి భయం పోయేదాకా ఎదురుగా కూర్చుని టీ తాగడంలోనే గడిచింది. ఈ మాట చెబితే పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. నేను పొందిన జీతం గురించి, చూసిన మిషన్ల గురించి ఇక్కడ రాయబోవడం లేదు. ఒక పాట గురించి, అందులో నేను చేసిన తప్పు గురించి రాస్తాను. ఆ తప్పు మీరూ చేస్తారు. కాస్త ముందే తెలుసుకుంటే మంచిది.

మా ఓనరు, మా బ్లేడు

బస్టాండు వెనక సందులో ఒక లాడ్జి ఉండేది. దాని మూడో అంతస్తులో మా స్టూడియో. కింద గదుల్లో యాత్రికులు దిగేవాళ్ళు. గుండు కొట్టించుకుని వచ్చిన కుటుంబం మెట్ల మీద ఒక్కసారి "గోవిందా" అన్నారంటే, పైన మేము టేపు ఆపుకుని, వాళ్ళు గదిలోకి వెళ్ళేదాకా ఉండి, మళ్ళీ పల్లవి నుంచి మొదలుపెట్టాల్సిందే. నీళ్ళ మోటారు వేసేముందు వాచ్‌మన్ పైకి వచ్చి చెప్పిపోయేవాడు. అదే మాకున్న సౌండ్‌ప్రూఫు.

ఓనరు పరంధామ నాయుడు. తొంభైలలో భక్తి పాటల క్యాసెట్లకు మంచి గిరాకీ ఉన్న కాలం అది. ఆయనకు సంగీతం రాదు కానీ చెవి ఉంది. తన తప్పు పక్కవాడి మీదికి నెట్టేవాడు కాదు. అలాంటి యజమాని నాకు మళ్ళీ దొరకలేదు. అయితే ఆయనకు ఒక పట్టింపు ఉండేది. గాయకుడు ఊపిరి తీసుకునే చప్పుడు క్యాసెట్టులో వినపడకూడదు.

"దేవుడి పాటలో మనిషి వినబడితే ఎట్లప్పా? తీసెయ్," అనేవాడు.

నేను తీసేసేవాణ్ణి. టేపు మీద ఊపిరి ఎక్కడుందో చేత్తో రీలు తిప్పుతూ పట్టుకుని, బ్లేడుతో కోసి, అతికేవాణ్ణి. గొంతు సవరించుకున్న చోటు, నాలుక తడబడిన చోటు, శ్రుతి ఒక పిసరు జారిన చోటు, అన్నీ పోయేవి. ఆ పనిలో నాకు ఎంత పేరంటే, మద్రాసు నుంచి వచ్చిన గాయకుడొకాయన తన పాట తనే విని, "నేను ఇంత బాగా పాడానా!" అని మురిసిపోయాడు. ఆ పొగడ్త నాకు బాగా తలకెక్కింది. మీరు ఇలా చేశారేమిటని ఏ కళాకారుడూ నన్ను అడగలేదు. అడగలేదు కాబట్టి అంతా సరిగ్గానే చేస్తున్నానని నమ్మాను. మన పనిలో ఉన్న పెద్ద ప్రమాదం ఇదే అని ఇప్పుడు అంటాను.

రేణిగుంట ప్యాసింజర్

తొంభైల చివర్లో ఒక వేసవిలో నలుగురు వచ్చారు. వాళ్ళ బృందం పేరు 'రేణిగుంట ప్యాసింజర్'. వాళ్ళలో ఒకడి తండ్రి రైల్వేలో పనిచేసేవాడు. రేణిగుంట క్వార్టర్సులో వాళ్ళింటి వరండాలో ప్రాక్టీసు చేసేవాళ్ళట. పాటలు రాసి పాడేది వసంతి, ఎమ్మెస్సీ చదువుతున్న అమ్మాయి. గిటారు షఫీ. మిగతా ఇద్దరు కీబోర్డూ డ్రమ్సూ. అంతకుముందు ఒక క్యాసెట్టు ఇంట్లోనే టేప్‌రికార్డరు మీద చేసి కాలేజీల్లో పంచారు. అది సినిమా పాటా కాదు, భక్తి పాటా కాదు, జానపదమూ కాదు. ఇప్పుడు ఇలాంటివాటికి ఏదో పేరుంది. అప్పుడు మాకు తెలిసిన పేరు 'ప్రైవేటు పాటలు', అంతే.

కొత్త ఆల్బమ్ పేరు 'పగటి నిద్ర'. ఎనిమిది పాటలు. ఎండాకాలం మధ్యాహ్నం తిన్నాక కన్ను మూతపడినప్పుడు సగం వినిపించే సంగతులే అన్నీ. వీధిలో ఐసు బండి గంట, పక్కింటి కుక్కరు కూత, ఎవరో ఎవరినో పిలవడం, ఎప్పుడో చనిపోయిన తాత లోపలి గదిలో దగ్గడం. పరంధామ నాయుడు విని, "ఏమప్పా, నిద్రపోయేదానికి క్యాసెట్టు ఎందుకు? ఇంట్లో ఫ్యాను లేదా?" అన్నాడు. అని, స్టూడియో మాత్రం ఇచ్చాడు. ఆ అమ్మాయి గొంతు ఆయనకు నచ్చింది, అయితే పైకి చెప్పలేదు.

పాటల్లో బయటి కళాకారులు కొందరు ఉండాలని వాళ్ళ కోరిక. నగరి నుంచి ఒక నేతకారుల ఆవిడ వచ్చి జోలపాట పాడింది. ఆమె ఇంటి పవర్‌లూమ్ చప్పుడు కూడా ఒక పాటకు తాళంగా పెట్టారు. ఇంకొకటి కావాలని వసంతి మొదటినుంచీ పట్టుబట్టింది. అది ముఖవీణ.

మా జిల్లావాళ్ళకు చెప్పనక్కరలేదు. తెలియనివాళ్ళకు చెబుతాను: వీధినాటకాల్లో ఊదే జానెడు పొడవు చిన్న నాదస్వరం లాంటిది. ఎండాకాలంలో మా పల్లెల్లో ధర్మరాజు గుడి దగ్గర భారతం ఉత్సవం పద్దెనిమిది రోజులు జరుగుతుంది. మధ్యాహ్నం హరికథ, రాత్రి నాటకం. ఆ నాటకానికి ముఖవీణ ప్రాణం.

"చిన్నప్పుడు మా అవ్వోళ్ళ ఊర్లో నాటకం సూస్తా సూస్తా చాప మీదే నిద్రపోతాం గదా సార్," అంది వసంతి. "నిద్రలో గూడా ముఖవీణ వినిపిస్తానే ఉంటాది. నాకు ఆ సౌండు నిద్రలో తప్ప మెలకువలో తెలీదు. ఈ ఆల్బమే దానికోసరం రాసుకున్నాను."

"కీబోర్డులో షెహనాయి టోను ఉండాది గదక్కా, అది పెడితే పోలా?" అన్నాడు షఫీ.

ఆమె అతనివైపు చూసింది. అతను గిటారు తీగలు బిగించుకోవడం మొదలుపెట్టాడు.

ఎవరినీ అడగని ప్రశ్న

పాటలు ఎనిమిదీ స్టూడియోలో రికార్డయిపోయాయి. వసంతి గొంతుకు ఏది హాయిగా ఉందో ఆ శ్రుతిలో కీబోర్డు, దానికి గిటారు. వాద్యానికొకటిగా ఎనిమిది ట్రాకులున్న రీలులో, ముఖవీణ రావాల్సిన ఒక్క పాటలో ఒక ట్రాకు ఖాళీ ఉంచాను. అతిథి కళాకారుడు ఆఖరున వచ్చి ఆ ఖాళీలో వాయించి వెళ్ళడం మా పద్ధతి. అన్ని స్టూడియోల పద్ధతీ అదే. పిలవబోయే మనిషి శ్రుతి ఏమిటో కనుక్కుందామని నాకు తట్టనే లేదు. ముఖవీణ కర్రతో చేసిన గొట్టం. హార్మోనియంలాగా దాన్ని ఇంకో మెట్టు మీదికి మార్చలేం. ఇది నాకు తెలియని విషయం కాదు. అయినా అడగలేదు. వచ్చినవాడే మనకు సరిపోవాలి అనే పొగరు అది. వేరే మాట లేదు దానికి.

కార్వేటినగరం దాటి ఆరేడు మైళ్ళు పోతే వసంతి అవ్వగారి ఊరు. ఆ ఊళ్ళోనే ముఖవీణ వాయించే మునిరత్నం ఉండేవాడు. అరవై దాటినవాడు. చిన్నప్పుడు ఆమె నిద్రలో విన్నది ఆయన వాద్యమే. కబురు పెడితే, రాలేను, మీరే రండి అని జవాబు వచ్చింది. వసంతి, షఫీ, నేను బస్సెక్కాం. నా ఒళ్ళో నాలుగు ట్రాకుల చిన్న క్యాసెట్టు మిషను. అందులో రెండు ట్రాకుల మీదికి వాళ్ళ పాటను ఎక్కించుకున్నాను. అది వింటూ ఆయన వాయిస్తే మూడో ట్రాకు మీద పడుతుంది.

మేం వెళ్ళేటప్పటికి పదకొండు గంటలు. రాత్రి నాటకం చేసి తెల్లవారి పడుకున్న మనిషి అప్పుడే లేచి ముఖం కడుగుతున్నాడు. ఆయన భార్య కన్నెమ్మ మజ్జిగ ఇచ్చింది. మునిరత్నం కుడి చెయ్యి ఎత్తి మణికట్టుకున్న పసుపు కంకణం చూపించాడు.

"తప్పుగా అనుకోవద్దు సామీ. ఇది కట్టుకొన్నాక పొలిమేర దాటగూడదు. ధర్మరాజుకు పట్టం కట్టిందాకా యాడికీ వచ్చేది లేదు."

"ఇంకెన్ని రోజులు?"

"తొమ్మిది."

"దానికేముంది, అయినాకే తిరుపతికి రాండి. స్టూడియోలో సుఖంగా వాయించొచ్చు," అన్నాను. ఇంత దూరం మోసుకొచ్చిన మిషను మీద నాకు పెద్ద నమ్మకం లేదు.

"అయినాక ఈ రెండూ ఉండవు గదా," అని ఆయన నోరు తెరిచాడు. పైవరసలో ముందు పళ్ళు రెండు. వాటిని తెల్లదారంతో పక్క పళ్ళకు కలిపి కట్టుకున్నాడు. "సీము పట్టి కదిలిపోయినాయి. చిత్తూరికి పోయి పీకించుకోమన్నారు. ఉత్సవం అయిందాకా ఆగమని నేనే బతిమాలుకొన్నా."

"పీకించుకుంటే మళ్ళీ వాయించేదానికి కాదా తాతా?" అంది వసంతి.

"ఊదుడు పుల్లను పట్టుకొనేది పెదాలు. పెదాలకు ఆసరా పండ్లు. ఆసరా పోతే గాలి యాడికి బోతాదో దానికే తెలీదు పాపా."

"కట్టుడు పళ్ళు పెట్టించుకోరాదా?" అన్నాను.

"పెట్టించుకొన్నోళ్ళను సూసినా. కృష్ణుడు రాయబారానికి పోయేలోపల ఆ పండ్లే ముందు పోతాయి." తనే నవ్వాడు. తర్వాత మామూలుగానే అన్నాడు, "నలభై ఏండ్లుగా ఊదుతా ఉండా. ఎట్ల ఉంటాదో నేనైతే ఒక పొద్దూ వినలేదు. ఊదేవాడికి తన సౌండు ఎముకల్లో వినిపిస్తాది, బయట వినిపించదు. పోయేలోపల ఒక తూరి వినాలని ఉండాది."

మా జిల్లాలో నాటకాలు రికార్డు చేసినవాళ్ళు లేకపోలేదు. వాళ్ళు పద్యాలు పాడే రాజులను, రాణులను మాత్రమే రికార్డు చేశారు. ముఖవీణ వాయించేవాడి ముందు ఎవరూ మైకు పెట్టలేదు. ఉన్న గడువు తొమ్మిది రోజులు, ఆ దారం తెగకుండా ఉన్నంతకాలం.

వరిగడ్డి గది

ఇంట్లో కోళ్ళు, పిల్లలు. వీధిలో మైకుసెట్టువాడు స్తంభాలకు గొట్టాలు కడుతున్నాడు. రెండు గంటలకు హరికథ మొదలైతే ఆ ఊళ్ళో ఇక మన మాట మనకు వినపడదు. ఊరు మొత్తం తిరిగి, చివరికి పొలిమేరకు లోపలే ఉన్న ఒక మామిడికాయల కొట్టాం పట్టుకున్నాం. కాయలు మాగేయడానికి నేలమీద, గోడల పొడుగునా మోకాలెత్తు వరిగడ్డి పరిచి ఉంది. లోపలికి అడుగుపెట్టి చప్పట్లు కొట్టాను. చప్పుడు గడ్డిలోకి ఇంకిపోయింది. తిరుపతిలో అట్టపెట్టెలు, గోనెపట్టాలు కొట్టి మేం తయారుచేసుకున్న గదికంటే ఇదే మేలు. ఇలాంటివి మీకు పుస్తకంలో దొరకవు, ఊరు తిరగాలి.

మునిరత్నానికి హెడ్‌ఫోను పెట్టి పాట వినిపించాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. ముఖవీణ అందుకుని ఒక స్వరం పట్టాడు. ఆపేశాడు.

"ఇది నా గొట్టానికి అందదబ్బా. పైన ఉండాది."

నేను చెక్ చేశాను. ఆయన శ్రుతి కీబోర్డుకంటే కిందుంది. తేడా అర శ్రుతికంటే ఎక్కువ, ఒక శ్రుతికంటే తక్కువ. కీబోర్డులో రెండు మెట్ల మధ్య పడి, ఏ మెట్టు మీదా దొరకని చోటు. పాట మళ్ళీ రికార్డు చేద్దామంటే డ్రమ్సు వాయించే అబ్బాయి అప్పటికే బెంగుళూరులో ఉద్యోగంలో చేరాడు.

ఇక్కడ నేను అన్న మాట ఇప్పటికీ నాకు మింగుడుపడదు. "గట్టిగా ఊదండి, ఎక్కుతుంది," అన్నాను. పెదాలు బిగించి గట్టిగా ఊదితే శ్రుతి కొంత పైకి వెళ్ళే మాట నిజమే. ఆయన కాదనలేదు. తిరుపతి నుంచి వచ్చిన మనిషి చెబుతున్నాడు కదా. మెడనరాలు తేలేదాకా ఊదాడు. మూడుసార్లు ఊదాడు. నాలుగోసారి నోట్లోంచి ముఖవీణ తీస్తే ఊదుడు పుల్ల చివర ఎర్రగా ఉంది.

వసంతి ఆయన తలమీంచి హెడ్‌ఫోను తీసేసింది. 

ఆయన నోరు పుక్కిలించి వచ్చేలోపల నాకు బుద్ధి వచ్చింది. చిన్న మిషనుకు స్పీడు తగ్గించే బొత్తం ఉంది. పాటనే నెమ్మదిగా తిప్పితే శ్రుతి కిందికి దిగి ఆయన గొట్టానికి సరిపోతుంది. తిప్పాను. సరిపోయింది. హెడ్‌ఫోను మళ్ళీ పెట్టగానే ఆయన ముఖం విప్పారింది.

"ఆ, ఇప్పుడు నేలమీదికొచ్చినాది," అన్నాడు.

అప్పుడు ఆయన వాయించినదాన్ని వర్ణించడం నావల్ల కాదు. నోట్లో పుండు, కాలుతున్న రేకుల కప్పు, కింద గడ్డి. వసంతి గుమ్మం దగ్గర మోకాళ్ళమీద తల పెట్టుకుని కూర్చుంది. ఆమె నిద్రలో విన్నది అదేనని నాకు ఆమె వీపు చూస్తేనే తెలిసింది. మూడో చరణం మధ్యలో ఒకచోట గాలి తెగి స్వరం వణికింది. ఆయన ఆపకుండా అందుకుని చివరిదాకా వాయించాడు.

"ఆడ తప్పినాను. ఇంకొక తూరి ఎత్తుకొందామా?"

సరిగ్గా అప్పుడే ఊళ్ళో మైకుసెట్టు గరగరలాడింది. హరికథ మొదలు.

"వద్దులే, నేను సరిచేస్తాను," అన్నాను. గర్వంగానే అన్నాను. నా పని అదే కదా.

బయల్దేరేముందు వసంతి ఆయనకు మాట ఇచ్చింది. క్యాసెట్టు బయటికి రాకముందే తీసుకొచ్చి వినిపిస్తామని, ఆయన సరేనన్నాకే విడుదల చేస్తామని. ఇలాంటి మాట మా స్టూడియోలో ఏ అతిథి కళాకారుడికీ ఎవరూ ఇవ్వలేదు.

నేను బాగుచేసిన పాట

స్టూడియోకి వచ్చాక నాకు పని చాలా తేలికగా కనిపించింది. ఆయన వాయించేటప్పుడు మిషను నెమ్మదిగా తిరిగింది. ఇప్పుడు అసలు వేగంతో తిప్పితే పాట తన శ్రుతికి వెళుతుంది, దాంతోపాటు ముఖవీణా పైకి ఎక్కుతుంది. రెండూ కలిసిపోతాయి. చరణం చరణానికీ ఆపుకుంటూ రీలు మీదికి ఎక్కించాను. ఊపిరి తీసుకున్న చోట్లు తీసేశాను. మూడో చరణంలో వణికిన చోట, రెండో చరణంలోంచి అదే సంగతి తెచ్చి అతికించాను. వేగం పెరగడంతో ముఖవీణ మెరుస్తూ, చురుగ్గా, తీయగా తయారైంది. పరంధామ నాయుడు విని నా భుజం తట్టాడు. షఫీ విని, "అదిరింది సార్," అన్నాడు. వసంతి రెండుసార్లు విని, బాగుంది అంది. అనుమానం ఏదైనా ఉంటే అది ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

ఉత్సవం ముగిసిన రెండు వారాలకు వసంతి, నేను ఆ ఊరు వెళ్ళాం. మునిరత్నం పళ్ళు రెండూ తీయించుకున్నాడు. పైపెదవి లోపలికి పోయి ముఖం చిన్నదైపోయింది. మాటలో గాలి ఎక్కువగా వస్తోంది. ముఖవీణ గుడ్డలో చుట్టి దూలానికి వేలాడదీశాడు. టేప్‌రికార్డరు అరుగుమీద పెట్టి నేనే నొక్కాను. నాలుగు నిమిషాల పాట. ఆయన కదలకుండా విన్నాడు. నేను మెప్పు కోసం చూస్తున్నాను.

"బాగుండాది," అన్నాడు. "ఎవురు వాయించినారబ్బా?"

పరిహాసమాడుతున్నాడేమో అనుకున్నాను. కాదు. నిజంగానే అడుగుతున్నాడు.

"మీరే తాతా," అంది వసంతి.

"నేనా?" మళ్ళీ పెట్టమన్నాడు. పెట్టాను. ఈసారి తల అడ్డంగా ఊపాడు. "పడుసోడెవురో వాయించినట్టుండాది. మంచి దమ్ము. నేను ఇట్ల వాయించను పాపా. మీకు తికమక అయిందేమో సూసుకోండి." కోపం లేదు ఆ మాటలో. మన్నించే ధోరణిలోనే అన్నాడు. దూలానికున్న గుడ్డమూట వైపు చూసి, "ఇంగ నేను వాయించి సూపించేదానికి గూడా కాదే," అన్నాడు.

నలభై ఏళ్ళు ఊది, ఒక్కసారి తనను తాను వినాలనుకున్న మనిషికి నేను వేరెవరినో వినిపించాను. తిరుగు బస్సులో నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా. మద్రాసు గాయకుడు మురిసిపోయిన మాట గుర్తుకొచ్చి సిగ్గేసింది. 'నేను ఇంత బాగా పాడానా' అన్నాడంటే, ఆయనకు కూడా తను వినపడలేదన్నమాట.

కిందికి దిగడం

ఉన్న దారి ఒకటే. ముఖవీణను పాట దగ్గరికి ఎక్కించకుండా, పాటనే ముఖవీణ దగ్గరికి దించాలి. పెద్ద రీలునే నెమ్మదిగా తిప్పి ఆల్బమ్‌కు ఎక్కించాలి. అలా చేస్తే మునిరత్నం ఆ కొట్టాంలో వాయించినట్టే ఉంటాడు. కానీ వసంతి గొంతు దిగిపోతుంది, గిటారు బరువెక్కుతుంది, డ్రమ్సు నీళ్ళలో కొట్టినట్టు వస్తుంది. చిన్న మిషను క్యాసెట్టు నేను చెరపలేదు, అదొక్కటే అదృష్టం. ముఖవీణను మళ్ళీ మొదటినుంచి ఎక్కించాను. ఈసారి బ్లేడు ముట్టుకోలేదు. ఊపిరి ఉన్నచోట ఊపిరి, వణుకున్నచోట వణుకు.

వినిపిస్తే షఫీ లేచి నిలబడ్డాడు. "అక్క గొంతు మొగగొంతు మాదిరి ఉండాది సార్. జరమొచ్చినట్టుండాది. రెండేండ్లు కష్టపడినాం దీనికోసరం. ఒక్క పాటలో వాయించినాయనకోసరం అక్క గొంతే మార్చేస్తారా?"

అతను అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఆ ఆల్బమ్ వాళ్ళది. అతిథి అతిథే. మా వృత్తిలో ఎవరిని అడిగినా షఫీ పక్షమే మాట్లాడతారు. పరంధామ నాయుడు కూడా ఆ మాటే అన్నాడు. "ఊపిరి వినబడతా ఉండాది," అని నావైపు ఓ చూపు చూశాడు. అందరం వసంతివైపు తిరిగాం. తన గొంతు తనకే కొత్తగా వినిపిస్తుంటే ఆ అమ్మాయి తల వంచుకుని పాట చివరిదాకా వింది. పాడేవాళ్ళకు గొంతు మీద ఉండే మమకారం నాకు తెలుసు.

"ఆయప్పకు ఇంగ నోరు లేదు షఫీ," అంది చివరికి. "నాకుండాది. నేను ఇంకో పాట పాడుకుంటా."

షఫీ గిటారు తీసుకుని వెళ్ళిపోయాడు. రెండు రోజులు రాలేదు. మూడో రోజు మధ్యాహ్నం వచ్చి, ఆ పాట మళ్ళీ పెట్టమన్నాడు. నేలమీద పడుకుని విన్నాడు. లేచి, "మిగతా ఏడు పాటలు గూడా దించి సూపిస్తారా సార్?" అన్నాడు. దించాను. అప్పుడుగానీ మాకు తెలియలేదు, వాళ్ళు రాసుకున్న పగటి నిద్ర అదేనని. అన్నం తిన్నాక కాళ్ళూచేతులూ బరువెక్కి, దూరంగా ఎవరో పిలుస్తుంటే పలకాలని ఉన్నా పలకలేని స్థితి ఎనిమిది పాటల్లోనూ వచ్చింది. క్యాసెట్టు బయటికొచ్చాక విన్నవాళ్ళు, ఈ కలలాంటి సౌండుకి ఏ విదేశీ మిషను వాడారని నన్ను అడిగేవాళ్ళు. ఒక ముసలాయన శ్రుతికి సరిపోవాలని చేశామంటే నమ్మేవాళ్ళు కాదు.

కొత్తగా ఈ పనిలోకి వస్తున్న మీకు నేను చెప్పగలిగింది ఇంతే. అతిథిని పిలిస్తే ముందే వెళ్ళి ఆయన శ్రుతి కనుక్కోండి, పాట తర్వాత కట్టుకోండి. ఏదైనా తీసేసేముందు, అది ఎవరిదో వాళ్ళనడగండి. ఇప్పుడు మీ కంప్యూటరులో వణుకును సరిచేయడానికి ఒక్క బొత్తం చాలట. నాకు బ్లేడు పట్టుకుని పూట పట్టేది కాబట్టి కొన్ని తప్పులు బద్ధకం వల్లనైనా మిగిలాయి. మీ చేతిలో అవి కూడా మిగలవేమోనని నా భయం.

రెండోసారి

విడుదలకు ముందు మాటప్రకారం మళ్ళీ ఆ ఊరు వెళ్ళాం. ఈసారి షఫీ కూడా వచ్చాడు. మధ్యాహ్నం మూడు గంటలు. మునిరత్నం అరుగుమీద దిండు వేసుకుని పడుకుని ఉన్నాడు. కన్నెమ్మ లోపల సంగటి కెలుకుతోంది. మమ్మల్ని చూసి ఆయన లేచి కూర్చున్నాడు కానీ, టేప్‌రికార్డరు చూసి మర్యాదకు నవ్వాడు. మళ్ళీ ఆ పడుచువాణ్ణే వినిపిస్తారని అనుకున్నట్టున్నాడు.

ఈసారి నేను నొక్కలేకపోయాను. వసంతి నొక్కింది.

పాట మొదలైంది. ఆమె గొంతు, గిటారు, తర్వాత ముఖవీణ. ముఖవీణకు ముందు ఊపిరి. ఆ ఊపిరి దగ్గరే ఆయన తల పైకెత్తాడు. బుగ్గలు నెమ్మదిగా పొంగాయి. వేళ్ళు పంచెమీద కదలడం మొదలుపెట్టాయి. పాటకంటే ఒక క్షణం ముందే కదులుతున్నాయి. రెండో చరణం అయింది. మూడో చరణంలో గాలి తెగి స్వరం వణికింది. నేను షఫీ వైపు చూడలేదు, ఎవరి వైపూ చూడలేదు.

"ఈడ," అన్నాడు మునిరత్నం, చిగుళ్ళ మీద వేలు పెట్టి. "ఈడే పన్ను కదిలినాది."

"తీసెయ్యమంటారా?" అన్నాను. జీవితంలో మొదటిసారి ఒక కళాకారుణ్ణి ఆ ప్రశ్న అడిగాను.

ఆయన నా మాట వినలేదు. లోపలికి తిరిగి గట్టిగా పిలిచాడు.

"ఏమే కన్నెమ్మా, ఇట్రా. నేను వాయిస్తా ఉండా."

ఆమె అప్పటికే గడపలో నిలబడి ఉంది, చేతికి పిండి అంటుకుని, తెడ్డు అలాగే పట్టుకుని.

"పిలవాల్నా?" అంది. "పొయ్యికాడికే తెలిసినాది, నువ్వేనని."